సప్పుడాగిన గోధుమ బీరు

నా ఉద్యోగ జీవితమంతా ఒక పెద్ద బీరు కంపెనీ ల్యాబులోనే గడిచింది. అయినా చుట్టాల పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే మా అత్తగారు "మా కోడలు ఫుడ్ టెస్టింగ్‌ల చేస్తది" అనేవారు. వాళ్లది వరంగల్‌లో బట్టల కొట్టు. కోడలు బీరు రుచి చూసి జీతం తెచ్చుకుంటుందని బజారులో చెప్పుకోవడం వాళ్లకు ఇబ్బంది. నేను పట్టించుకోలేదు. ఒక రకంగా అదీ ఆహార పరీక్షే కదా. గుక్కెడు నోట్లో పోసుకోవడం, నాలుక మీద తిప్పడం, ఉమ్మేయడం, నాలుగు ముక్కలు రాసుకోవడం. ఇన్నేళ్లలో మింగింది తక్కువే.

రిటైరయ్యాక హన్మకొండ వచ్చేశాను. కుండీల్లో మొక్కలు పెట్టుకుని కూర్చుందామనుకుంటుండగా ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తాతల నాటి నుంచి మిర్చి వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. మనిషికి నలభై ఉండవు. మడికొండ దగ్గర సొంత జాగాలో మైక్రోబ్రూవరీ పెడుతున్నాడట. బీరు అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోసి ఇచ్చే చోటన్నమాట.

"అక్కా, మన ఊర్ల ఈ పని తెలిసినోళ్లు లేరు. హైదరాబాదోళ్లను తెస్తే రెండు నెలలకే పోతాండ్రు. నువ్వు జర నిలబెట్టియ్యి. తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

ఒక ఏడాదికి ఒప్పుకున్నాను. నాకు అదే ఆఖరి కొలువు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, "బీర్లల్ల ఏ రకం కష్టం మేడం?" అని. గోధుమ బీరని నోటిమాటగా చెబితే నవ్వి ఊరుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అక్కడ పని తెలిసినవాళ్లం ముగ్గురమే ఉండేవాళ్లం. ఒకరు నేను. రెండో మనిషి ఆపరేటర్. వర్ధన్నపేట పక్క పల్లెటూరివాడు, అంతకుముందు పాల డెయిరీలో చేశాడు. గొట్టాలు కడగడంలో, వాల్వులు బిగించడంలో అతని చేతికి వంక పెట్టడానికి ఉండేది కాదు. ఒకటే చిక్కు, యజమాని ఏం చెప్పినా కాదనలేడు. సేటు కాలు బయట పెడితే చాలు, చెప్పిన పని అయిపోయి ఉండేది. మూడో మనిషి హాలు మేనేజరు. హన్మకొండ అమ్మాయి, హోటల్ చదువు చదివింది. నన్ను మొదటి రోజు మేడం అంది, రెండో రోజు నుంచి పిన్నీ అంది.

ట్యాంకుల గదికీ, జనం కూర్చునే హాలుకూ మధ్య పెద్ద అద్దం గోడ కట్టించాడు మా ఓనర్. స్టీలు ట్యాంకులు తళతళ మెరుస్తుంటే జనం చూస్తూ తాగాలని ఆయన ముచ్చట. చూడ్డానికి నిజంగానే బాగుండేది. ఆ అద్దం పగిలితే ఎటు పడుతుందో ఎవరూ ఆలోచించలేదు.

బీర్ల గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. అవి తెలియకపోతే నేను చెప్పబోయే రోజున మేం ఎందుకు భయపడ్డామో మీకు అర్థం కాదు. లోకంలో బీరు పేర్లు వందలున్నా పెద్ద కుటుంబాలు రెండే: లాగర్, ఏల్. తేడా అంతా పులియబెట్టే ఈస్ట్‌లో ఉంటుంది. లాగర్ ఈస్ట్ చల్లదనం కోరుతుంది. ట్యాంకు అడుగున నిదానంగా, వారాల తరబడి పని చేస్తుంది. మన దగ్గర సీసాల్లో దొరికే లేత పసుపు రంగు తేట బీరు దాదాపు అంతా ఆ కుటుంబమే. ఏల్ ఈస్ట్‌కు వెచ్చదనం కావాలి. పైకి నురగలు కట్టుకుంటూ నాలుగైదు రోజుల్లో పని తేల్చేస్తుంది. గోధుమ బీరు ఈ రెండో కుటుంబానిది. హాప్స్ పువ్వుల చేదుతో ఉండే పేల్ ఏల్, మాడబెట్టిన బార్లీతో చేసే నల్లటి స్టౌట్ కూడా అంతే. వీటన్నిటిలో మహా అల్లరిది గోధుమ బీరు. గోధుమలో ఉండే మాంసకృత్తుల వల్ల నురగ ఆగదు. పాలు పొంగినట్టు పొంగుతుంది.

పులిసేటప్పుడు గ్యాసు పుడుతుంది. అది పోవడానికి ట్యాంకు నెత్తి నుంచి ఒక గొట్టం దించి, దాని కొసను నీళ్ల బకెట్లో ముంచి పెడతాం. గ్యాసు బుడబుడమంటూ బయటికి పోతుంది. ఆ గదిలోకి అడుగుపెట్టగానే నేను మొదట వినేది ఆ సప్పుడునే. లాగర్ బకెట్ అప్పుడొకటి అప్పుడొకటి బుడగ వదులుతుంది, ఒక్కోసారి మూగగానే ఉంటుంది. దాంతో భయం లేదు. గోధుమ బీరు మొదటి రోజుల్లో మూగబోయిందంటే మాత్రం పని అయిపోయిందని కాదు, దారి మూసుకుపోయిందని.

ప్రారంభానికి ముందు, తెలిసినవాళ్లను పిలిచి మధ్యాహ్నం రుచి చూపించే కార్యక్రమం పెట్టుకున్నాడు ఓనర్. బజారు వ్యాపారులు, కొందరు డాక్టర్లు, వాళ్ల కుటుంబాలు. పెద్దలకు బీరు, మిగతావాళ్లకు భోజనం, శరబత్తు. నేను నాలుగు రకాలనూ పరిచయం చేస్తూ మాట్లాడాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయనకు ఇంకో కోరిక పుట్టింది, అప్పుడే పులియడం మొదలైన ఒక ట్యాంకులో గుజ్జు కలిపి మామిడి గోధుమ బీరు చేయాలని. ప్రారంభం రోజుకల్లా కావాలట.

"పులిసే జోరు సద్దుమణిగినంక గుజ్జు కలుపుదాం తమ్ముడూ. ఇప్పుడు కలిపితే పీచు లేచి గొట్టానికి అడ్డం పడతది" అన్నాను.

"అట్లనే అక్కా" అన్నాడు.

కార్యక్రమం రోజు పొద్దున నేను వచ్చేసరికి గుజ్జు డబ్బాలు ఖాళీగా మూలన ఉన్నాయి. ట్యాంకు మెడదాకా నిండి ఉంది. ఆపరేటర్ నా మొహం చూడలేక వాల్వులు తుడుస్తూ నిలబడ్డాడు.

"సేటు పొద్దుగాల ఫోన్ చేసిండు మేడం. వేసెయ్ అన్నడు. వడగడదామంటే టైం లేదన్నడు."

కోపం వచ్చింది. కానీ చేసేదేముంది, వేసింది తీయలేం. ఆ బకెట్ మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పాను. సప్పుడు బాగానే వస్తోంది, బుడగలు తోసుకుంటూ పడుతున్నాయి. నేను హాలులోకి వెళ్లి గ్లాసులు సర్దించే పనిలో పడ్డాను.

భోజనాల వేళకు జనం వచ్చేశారు. హాలంతా సెంట్ల వాసన, పలకరింపులు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి ట్యాంకుల్లో తమ నీడలు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అద్దానికి వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. మేనేజరమ్మాయి నా పక్కకు వచ్చి సంతోషంగా చెప్పింది.

"పిన్నీ, మామిడి బీరు అయిపోయినట్టుంది. బుడగలు ఆగినయ్."

ఏమీ జరగనట్టే ట్యాంకుల గదిలోకి నడిచాను. బకెట్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. గొట్టంలోపల పసుప్పచ్చటి పీచు గడ్డకట్టి కనిపిస్తోంది. ప్రెషర్ చూపే గేజ్‌లో సూది ఎర్ర గీతకు దగ్గరలో ఉంది. ఆపరేటర్ నిచ్చెన మీద నిలబడి పై వాల్వు వైపు చూస్తున్నాడు. ప్రెషర్ ఎక్కువైతే తనంతట తాను తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వు అది. దాని నోటి నిండా గుజ్జు.

"ఇది కూడ పట్టేసింది మేడం. క్లాంపు జర లూజు చేస్తే గొట్టం ఊడొస్తది. చెయ్యాల్నా?" అంటూ పానా ఎత్తాడు.

"దిగు. ముందు కిందికి దిగు" అన్నాను. గొంతు పెంచలేదు, పెంచితే అద్దం అవతలివాళ్లు చూస్తారు. ప్రెషర్ మీదున్న క్లాంపును వదులు చేస్తే అది తూటాలా వస్తుంది. మా పాత కంపెనీలో అలా ఒక మనిషి దవడ పోవడం చూశాను.

అతను దిగాడు. చిల్లర్ పూర్తిగా తిప్పమన్నాను. ట్యాంకు చల్లబడితే ఈస్ట్ మందగిస్తుంది, గ్యాసు పుట్టడం తగ్గుతుంది. కానీ అంత పెద్ద ట్యాంకు చల్లబడాలంటే సమయం పడుతుంది. ఆ సమయం సూది ఇస్తుందా లేదా తెలియదు. అద్దానికి అవతల పసుపు గౌను పిల్ల ఒకతి నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఓనర్‌ను పక్కకు పిలిచి చెప్పాను.

"పేలుతదా అక్కా?"

"పేలొచ్చు. మూత లేచినా చాలు, ఆ అద్దం ఉండదు. జనాన్ని బయటికి పంపాలె."

"ఏమని పంపుత? మా వాళ్లంత ఉన్నరు. ట్యాంకు పేలుతాందని చెప్తే రేపు ఒక్కడు వస్తడా ఇక్కడికి?"

"రేపటి సంగతి రేపు చూద్దాం తమ్ముడూ."

అలాగని కేక పెట్టే ధైర్యం నాకూ లేదు. హాలుకు ఉన్నది ఒక్కటే తలుపు. అందరూ ఒకేసారి ఉరికితే తొక్కుకుంటారు, పిల్లలు కింద పడతారు. అప్పుడు నోటికి వచ్చింది అనేశాను. మైకు తీసుకుని, "బీరు రంగు చూడాలంటే ట్యూబులైటు పనికి రాదండీ. ఎండలో చూడాలి. దయచేసి అందరూ గ్లాసులు పట్టుకుని ముంగట గేటు దగ్గరికి రండి. పిల్లలను కూడా తీసుకురండి, అక్కడ నీడుంది" అన్నాను.

కొందరు నసిగారు. ఈ ఎండలో ఏంది అన్నారు. కానీ కదిలారు. నేను బయటికి నడుస్తూనే మేనేజరమ్మాయి చెవిలో చెప్పాను. "వెనుక షట్టర్ తెరిపించు. గదిలకు గాలి రావాలె."

"వెనుక షామియానావాళ్లు కుర్చీలు పేర్చిన్రు పిన్నీ. షట్టర్‌కు ఆనిచ్చే పెట్టిన్రు."

"తీపియ్యి. వంటవాళ్లను పిలువు. ఉరుకు."

గేటు దగ్గర చెట్ల కింద జనం నిలబడ్డారు. నేను లాగర్ గ్లాసు ఎత్తి పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. తేటగా ఎందుకుంటుందో, చల్లటి చోట ఎన్నాళ్లు పడుకోబెడతామో చెప్పాను. నోరు తన పని తాను చేస్తోంది, చెవులు మాత్రం ఆ భవనం మీదే ఉన్నాయి. ఒక పెద్దాయన అడ్డుకుని అడిగాడు.

"అమ్మా, ఆ నల్లది ఎక్కువ ఎక్కుతదా?"

"రంగుకూ మత్తుకూ సంబంధం లేదండీ. స్టౌట్‌లో నలుపు మాడిన గింజలది. కాఫీ గింజ మాడితే నల్లబడినట్టే. అది తెల్ల బీరు కన్నా తేలిగ్గా కూడా ఉండొచ్చు" అన్నాను. అందరూ గ్లాసులు పైకెత్తి ఎండలోకి చూశారు. ఆ క్షణంలో ఫోన్ మోగింది.

"మేడం, సూది ఇంక పైకే పోతాంది" అన్నాడు ఆపరేటర్. అతని ఊపిరి నాకు వినిపిస్తోంది.

మిగిలిన దారి ఒక్కటే. అడుగు వాల్వు తెరిచి బీరు వదిలేయాలి. లోపల కొంచెం జాగా దొరికితే ప్రెషర్ దిగుతుంది. కానీ బీరు నేల మీద పడితే అందులో ఇమిడి ఉన్న గ్యాసంతా గదిలోకి వస్తుంది. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. దానికి రంగు లేదు. ఎక్కువగా పీల్చిన మనిషి అరిచేలోపే పడిపోతాడు. గాలి ఆడని గదిలో ఆ పని ఒంటరి మనిషితో చేయించలేను.

నా చేతిలోని గ్లాసు ఓనర్ చేతిలో పెట్టాను. "మిగతాది నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు అక్కా!"

"ఏదో ఒకటి చెప్పు. ఒక్కరు కూడ లోపటికి రావొద్దు."

నేను వెళ్తుంటే వెనక ఆయన గొంతు వినిపించింది. "ఇది... ఇది గోధుమ బీరు. అరటిపండు వాసన వస్తది. అరటిపండ్లు వేసి చేస్తం." ఆ వాసన ఈస్ట్ పుట్టించేది, పండుతో పని లేదు. ఆ తర్వాత చాలాకాలం బజారువాళ్లు మా దగ్గరికి వచ్చి అరటిపండు బీరు అడిగేవాళ్లు.

గదిలోకి పోయేముందు ఆపరేటర్‌కు ఒక్కటే చెప్పాను. "ఏం జరిగినా వంగకు. తల పైకే ఉండాలె. కళ్లు తిరిగినట్టనిపిస్తే అన్నీ వదిలేసి బయటికి పో." అతను తలూపాడు. పెద్ద గొట్టాన్ని నేల మురికికాల్వ జాలీ దాకా లాగి పట్టుకున్నాడు. నేను అడుగు వాల్వు మీద చెయ్యి వేసి, కొద్దికొద్దిగా తిప్పాను.

గొట్టం పాములా ఎగిరింది. పసుప్పచ్చటి నురగ ఉరికి వచ్చింది. మామిడి వాసన, పులిసిన పిండి వాసన గది నిండా కమ్ముకున్నాయి. సూది వైపు చూశాను. కదల్లేదు. మళ్లీ చూశాను. ఒక వెంట్రుక వాసి దిగింది. "దిగుతాంది!" అని అరిచాను. అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మరుక్షణమే జాలీకి పీచు అడ్డం పడింది. నురగ వెనక్కి తన్ని, కరెంటు డబ్బా ఉన్న గోడ వైపు పారడం మొదలుపెట్టింది.

"పీచు పడ్డది మేడం."

"వంగకు!"

"ఒక్క నిమిషం. గీ పీచు నేనేసిందే గద" అన్నాడు. అని వంగాడు.

ఒక చేత్తో జాలీని గీరాడు, రెండోసారి గీరాడు. మూడోసారి చెయ్యి లేవలేదు. మోకాళ్ల మీద కూలబడి, అలాగే పక్కకు ఒరిగాడు. మొహం నురగకు ఆనుకుంది.

నేను ఊపిరి బిగబట్టి అతని చొక్కా కాలర్ పట్టి లాగాను. భారీ మనిషి. నా చెప్పులు నురగలో జారుతున్నాయి. ముందు తలుపు ట్యాంకులకు అవతల ఉంది, అంత దూరం లాగలేను. తల పైకి ఎత్తి మాత్రం పట్టుకోగలిగాను. ఊపిరి ఇంక ఆగదు అనుకున్నప్పుడు వెనక కుర్చీలు దబదబ పడిన సప్పుడు, షట్టర్ గరగరా లేచిన సప్పుడు వినిపించాయి. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. వెంటే గాలి.

"పిన్నీ!"

"వంగకున్రి! కాళ్లు పట్టి గుంజున్రి!"

మేనేజరమ్మాయి, ఇద్దరు వంటవాళ్లు అతని కాళ్లు పట్టి బయటికి ఈడ్చారు. నేను గోడ పట్టుకుని వెనకే వెళ్లి, మట్టిలో కూర్చుండిపోయాను. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. గేటు దగ్గర నుంచి ఒక డాక్టరు చేతిలో గ్లాసుతోనే ఉరికి వచ్చి, దాన్ని నేలమీద పడేసి, అతని ఛాతీ మీద చెవి పెట్టాడు. ఆయన అలా వింటున్నంతసేపు నేను ఏ దేవుడికీ మొక్కలేదు. మొక్కాలని తోచలేదు. అతని చేతి వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. చూపుడువేలు కదిలింది. తర్వాత పెద్దగా దగ్గాడు. దగ్గి, కళ్లు తెరవకుండానే అడిగాడు, "సూది దిగిందా మేడం?"

దిగింది. షట్టర్ దగ్గర నిలబడి చూస్తే గేజ్ కనిపిస్తోంది. సూది ఎర్ర గీతకు చాలా కింద ఉంది. మామిడి బీరంతా వెనక మట్టిలోకి పారి ఇంకిపోతోంది.

సాయంత్రం దవాఖానలో అతని ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉండగా భార్య వచ్చింది. పత్తి ఏరుతున్న చేను నుంచి నేరుగా బస్సెక్కిందట, కొంగుకు ఇంకా దూది పోగులు అంటుకుని ఉన్నాయి. మొగుడిని చూసింది, నుదురు తడిమింది, అతను మెల్లగా చెప్పిందంతా వింది, ఏడవలేదు. బయటికి వచ్చి నన్నూ ఓనర్‌నూ చూసి అడిగింది.

"పాల పని లెక్కనే ఉంటదని చెప్పిండు నాకు. పాలతోని మనుషులు పడిపోతరా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపు ఓనర్ అన్నాడు, "ఫికర్ చేయకమ్మా. ఖర్చంత నాదే. మేడం వంగొద్దన్నా వంగిండట, గందుకే గిట్లయింది."

ఆమె ఆయన వైపు తిరిగింది. "గుజ్జు ఎవలు వెయ్యమన్నరు సేటూ?"

ఆయన బిల్లు కట్టొస్తానని కౌంటర్ వైపు నడిచాడు. నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

ప్రారంభం వాయిదా పడింది. గదిలో గ్యాసు పసిగట్టే అలారం పెట్టించాం. ట్యాంకులకు రెండో సేఫ్టీ వాల్వు బిగించాం. అద్దం గోడకు ముందు ఇనుప చట్రం వచ్చింది. ఇవన్నీ అయ్యేదాకా ఓనర్ నాతో ఎదురు మాట్లాడలేదు. ఆపరేటర్ కోలుకుని ఇంటికి పోయాడు. కానీ పనిలోకి రాలేదు. ఫోన్ చేస్తే, "నేనస్త మేడం, ఇంట్ల పంపుత లేదు" అన్నాడు. కొత్తవాడిని చూద్దామా అని ఓనర్ అడిగితే, అతను లేకపోతే నేనూ ఉండనన్నాను.

ఇద్దరం కలిసి వాళ్ల ఊరికి వెళ్లాం. అతని భార్య వాకిట్లో మంచం వాల్చి, నీళ్లిచ్చి, నిలబడే మాట్లాడింది.

"మళ్ల ఆ గోధుమల బీరు చేసేనాడు సేటు కూడ ఆ గదిలనే ఉండాలె. పొద్దుగాల సంది పొద్దుమీకెదాక. నేనచ్చి బయట కూసుంట. అటెన్క పంపేది లేనిది చెప్త."

ఓనర్ నా వైపు చూశాడు. నేను నీళ్ల చెంబు వైపు చూశాను. ఆయన సరేనన్నాడు.

అన్నట్టే, మళ్లీ గోధుమ బీరు పెట్టిన రోజు వచ్చాడు. పాత చొక్కా వేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని పొద్దుటి నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. భార్యతో పాటు వచ్చిన ఆపరేటర్‌ను ఆ రోజు షట్టర్ బయటే నిలబెట్టాను, గొట్టాల పనంతా ఓనర్‌తోనే చేయించాను. బుడగలు గట్టిగా మొదలైతే ఉలిక్కిపడ్డాడు, జర నెమ్మదిస్తే అంతకన్నా ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. బజారు నుంచి ఫోన్లు వస్తుంటే కట్ చేశాడు. అన్నం తినడానికి రమ్మంటే, "నువ్వు పోయిరా అక్కా. ఇద్దరం పోతే ఇక్కడెవరుంటరు?" అన్నాడు. ఎండ వాలేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

బయట షట్టర్ ఎదురుగా వేపచెట్టు నీడలో ఆమె టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, రోజంతా ఆయననే చూస్తూ కూర్చుంది. పొద్దుగూకే వేళ ఆయన బయటికి వచ్చి, ఆమె ముందు నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"భయమైందా సేటూ?" అని అడిగింది.

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి గదిని చూశాడు. "అయిందమ్మా."

ఆమె లేచి, కొంగు దులుపుకుని, డబ్బా చేతిలోకి తీసుకుంది.

"గట్లయితే రేపటి సంది పంపిస్త."